పాడు నీళ్ల ఫొటో

ఈ మధ్య మా నెల్లూరు కుర్ర ఫొటోగ్రాఫర్లు నాకు ఫోన్ చేసి అడిగేది ఒక్కటే. “అక్కా, మీడియం ఫార్మాట్ కెమెరా తీసుకున్నాను. దానికి షార్పుగా ఉండే టెలిఫొటో లెన్సు ఏది, మ్యాక్రో ఏది?” అడిగి ఊరుకోరు, జవాబు కూడా వాళ్లే చెబుతారు. ఎవరో గోడకు గళ్ల కాగితం అంటించి, దాన్ని ఫొటో తీసి, మూలల్లో ఎంత మసక వచ్చిందో చూపించిన వీడియో ఒకటి నాకు పంపుతారు. నాయనా, నువ్వు జీవితమంతా గళ్ల కాగితాలే తీస్తానంటే ఆ లెన్సే కొనుక్కో, మధ్యలో నన్నెందుకు అడగడం?

నాకు కోపం ఎక్కువని అందరూ అంటారు. నిజమే, ఎక్కువే. ఆ కోపం వల్లే నా ఉద్యోగం పోయింది. పోయినందుకు ఈరోజుకీ నాకు వీసమెత్తు బాధ లేదు. ఒక టెలి లెన్సును, ఒక మ్యాక్రో లెన్సును నేను ఎందుకు ఎంచుకున్నానో, ఎలా ఎంచుకున్నానో చెబుతాను. వింటే వినండి, లేదంటే మీ వీడియోలు మీరు చూసుకోండి.

మా నాన్నకు నెల్లూరులో చిన్న స్టూడియో ఉండేది. బాప్తిస్మాలు, పెళ్లిళ్లు, పాస్‌పోర్టు ఫొటోలు. నడుము దగ్గర పట్టుకుని పైనుంచి తొంగిచూసే పాత కెమెరా ఆయనది. దాని ఫిలిం పెద్దది, చదరంగా ఉండేది. చిన్న ఫిలింలో కనిపించని రెప్పవెంట్రుకలు కూడా అందులో కనిపించేవి. మీడియం ఫార్మాట్ అంటే అదే, దాని మీద నా మోజు అక్కడ మొదలైంది. స్టూడియో మూతపడ్డాక నేను ఒక కన్సల్టెన్సీలో చేరాను. తీరంలో ఎవరు ఏం కట్టాలన్నా ముందు పర్యావరణ నివేదిక కావాలి. అది రాసి ఇచ్చే ఆఫీసు మాది. నివేదికలో రాతలు వాళ్లవి, ఫొటోలు నావి. కృష్ణపట్నం రోడ్డులో దుమ్ము, మనుబోలు దగ్గర చెరువు కట్టలు, కొడవలూరు వరిచేలు, అన్నీ నా కెమెరాలోంచి పోయినవే.

నా సర్వీసు చివర్లో మా మేనేజరు గారు డిజిటల్ మీడియం ఫార్మాట్ కెమెరా ఒకటి కొన్నారు. ప్రజాభిప్రాయ సేకరణ సభల్లో గోడంత బోర్డులు కట్టాలి, చిన్న కెమెరా ఫొటో అంత సైజుకు సాగదీస్తే పగిలిపోతుంది. అంతవరకు బాగానే ఉంది. కానీ దానికి కొన్న లెన్సు ఒక్కటే, వెడల్పంతా పట్టే వైడు. “సార్, దూరానికి టెలి ఒకటి, దగ్గరికి మ్యాక్రో ఒకటి కూడా ఉండాలి” అన్నాను. “ఎందుకమ్మా? మనం పిట్టల్ని తీస్తామా, చీమల్ని తీస్తామా? సైటు మొత్తం ఒక్క ఫొటోలో పడితే చాలు” అన్నారు. మంచి మనిషే. ఆఫీసులో ఎవరి ఇంట్లో జ్వరమొచ్చినా ముందు ఆయనే పలకరిస్తారు. కానీ సైటు మొత్తం ఒక్క ఫొటోలో పడితే చాలనుకునే మనిషి.

అప్పుడు వచ్చింది పులికాట్ పని. జిల్లా గీతలు మారి ఆ వైపు ఊళ్లు కొన్ని పక్క జిల్లాకు పోయాయి కానీ మాకు అదంతా నెల్లూరు తీరమే. సరస్సులో ఒక చోట పడవల విహార కేంద్రం, తేలే గదులు కట్టాలని ఒక కంపెనీ వచ్చింది. ఒడ్డున ఒక కుప్పం ఉంది, చేపలు పట్టేవాళ్ల పల్లె. సర్వే చేయడానికి మా ఇంజనీరు వెళ్లాడు. హైదరాబాదు వైపు నుంచి కొత్తగా వచ్చిన కుర్రాడు, నెమ్మదస్తుడు, పని ఎగ్గొట్టే రకం కాదు. ఆ వారం నేను వేరే పని మీద ఉన్నాను కాబట్టి ఫొటో కూడా అతనే తీసుకొచ్చాడు. వైడు లెన్సుతో నీళ్లూ ఆకాశమూ నిండిన ఫొటో. దానికింద రాశాడు: “ఈ నీళ్లు పాడని స్థానికులే చెప్పారు. ప్రస్తుతం వాడుకలో లేవు.”

ఆ ఫొటోను బోర్డు సైజుకు తయారు చేయమని నాకిచ్చారు. కంప్యూటర్లో పెద్దది చేసి చూస్తుంటే, దూరంగా నీళ్లూ ఆకాశమూ కలిసే గీత దగ్గర నల్ల చుక్కలు కనిపించాయి. మేనేజరు గారు వెనక నిలబడి చూస్తున్నారు.

“సెన్సారు మీద దుమ్ము పడినట్టుంది. తుడిచెయ్యమ్మా” అన్నారు.

దుమ్ము తుడవడం నాకు తెలియని పని కాదు. కానీ దుమ్ము ఎక్కడ పడితే అక్కడ పడుతుంది, వరసలో నిలబడదు. ఇవి వరసగా ఉన్నాయి. అందులో ఒకటి రెండు కాస్త లావుగా, వంగినట్టు ఉన్నాయి.

“సార్, ఇది దుమ్ము గాదు. ఆడ ఏదో ఉంది.”

“ఏముంటుంది? పాడు నీళ్లని వాళ్లే చెప్పారు కదా.”

“ఏముందో తెలిసేదాకా నేను తుడవను సార్.”

ఆయన నవ్వి, “నీతో పడలేమమ్మా” అని వెళ్లిపోయారు. నాకు నవ్వు రాలేదు. ఆ చుక్కలు మనుషులైతే? నేను ఒక్కసారి మౌస్ కదిపితే ఆ మనుషులు నీళ్లలో లేనట్టే. బోర్డు చూసి సంతకం పెట్టే అధికారికి ఖాళీ నీళ్లే కనిపిస్తాయి. ఇక వాళ్ల కూటి సంగతి అడిగేదెవరు? ఆ ఆలోచన వచ్చాక నాకు అన్నం సయించలేదు.

వైడు లెన్సుతో తీసిన ఫొటోను ఎంత పెంచినా చుక్క చుక్కే. అందుకని ఆఫీసు కెమెరా పట్టుకుని, నాన్న కాలం నుంచి తెలిసిన ఒక స్టూడియో అన్న దగ్గరికి పోయాను. ఆయన లెన్సులు అద్దెకిస్తాడు. టెలి కావాలంటే ముందు జూమ్ ఒకటి చేతిలో పెట్టాడు. “ఇది తీస్కపో మే. దగ్గరా దూరం అన్నీ దీంట్లోనే. పెళ్లిళ్లోళ్లంతా ఇదే అడుగుతుండారు” అన్నాడు. నేను మేడెక్కి, దూరాన చర్చి గోపురం మీద సిలువ కింద చెక్కిన అక్షరాల మీద ఫోకస్ పెట్టాను. మధ్యలో బాగుంది, అంచులకు పోయేసరికి అక్షరాలు మెత్తబడ్డాయి. తర్వాత ఫిలిం రోజుల పాత లెన్సు ఒకటి అడాప్టరు తగిలించి చూశాను. అందంగా ఉంది కానీ వెలుతురుకు ఎదురుగా పెడితే సిలువ చుట్టూ ఊదారంగు అంచు కడుతోంది. నీళ్ల తళతళ మీద సన్నటి కర్ర నిలబడితే, ఈ ఊదా అంచు ఆ కర్రనే మింగేస్తుంది. మూడోది జూమ్ కాని టెలి, బరువు, స్టాండుకు బిగించే కాలు దానికే ఉంది. దాంతో అక్షరాలు అంచుదాకా గీసినట్టు వచ్చాయి. అదే తీసుకున్నాను.

అక్కడున్నది పాతదో, ఇంకా వాడుతున్నదో దగ్గరి నుంచి చూపించాలంటే మ్యాక్రో కూడా కావాలి, దాని దగ్గర మాకు గొడవైంది. నల్లగుడ్డ పరిచి, దాని మీద మొలగొలుకుల బియ్యం నాలుగు మూలలకూ చల్లి, ఒక్కో లెన్సుతో తీస్తున్నాను.

“బియ్యం ఏరుతుండావా, ఫొటో తీస్తుండావా?” అన్నాడు అన్న.

“నీ లెన్సులో రాళ్లు ఏరుతుండా అన్నా.”

మొదటి లెన్సులో నడిమి గింజలు బాగున్నాయి, మూలల్లో గింజలు నూకలైపోయాయి. రెండోదాంట్లో నాలుగు మూలలా గింజ మొన కనిపించింది. దగ్గరి నుంచి తీసేటప్పుడు మీడియం ఫార్మాట్‌లో షార్పుగా ఉండేది వెంట్రుకవాసి మందమే, అందులోనూ లెన్సు మోసం చేస్తే ఇక చూపించడానికేం మిగలదు. మీరడిగిన ప్రశ్నకు జవాబు ఇంతే పిల్లలూ. నువ్వు తీయబోయేది ఏదో, దానికి దగ్గరి వస్తువును పెట్టి చూసుకో. మిగతాదంతా అంగడోళ్ల గోల.

ఆదివారం ఆరాధన ఎగ్గొట్టి తెల్లవారేసరికి కుప్పం చేరాను. పాస్టరు గారు తర్వాత అడిగితే, నీళ్ల మీద మనుషుల్ని చూడ్డానికి పోయినానని చెప్పాను.

కుప్పం పెద్ద, ఆయన భార్య ఇంటి ముందు వల బాగుచేసుకుంటున్నారు. నేను ఫలానా ఆఫీసు మనిషినని చెప్పేసరికి పెద్ద లేచి నిలబడ్డాడు. “మీ ఇంజనీరు సారుకు అంతా చెప్పినాం గదమ్మా” అన్నాడు ధీమాగా.

“చెప్పినారంట పెద్దాయనా. నన్ను పడవలో ఆ నీళ్లదాకా తీస్కపోతావా? ఆడ ఏదో కనిపిస్తా ఉంది, చూడాల.”

“నేనా? నేను పోగూడదమ్మా.”

“ఏం?”

“ఈరోజు నాది గాదు. ఆ నీళ్లల్లో నేను పడవ పెట్టకూడదు.”

“పాడు నీళ్లని నువ్వే చెప్పినావు గదా. పాడైపోయిన నీళ్లల్లోకి పోడానికి అడ్డమేంది?”

ఆయన నన్ను పిచ్చిదాన్ని చూసినట్టు చూశాడు. “పాడు గాబట్టే గదమ్మా పోగూడదు!”

ఆయన భార్య వల పక్కన పడేసింది. “అయ్యో, ఈయమ్మకు పాడంటే తెలవదయా!” అని పకపకా నవ్వింది. నవ్వుతూ నవ్వుతూనే ఉన్నట్టుండి ఆగిపోయింది. “అయితే ఆ సారు ఏమనుకున్నాడు?” అంది.

అప్పుడు తెలిసింది నాకు. సరస్సులో రొయ్య బాగా పడే చోటును, అక్కడ వేటాడే వంతును కలిపి వాళ్లు ‘పాడు’ అంటారు. తాతల నాటి నుంచి చీట్లు వేసి వంతులు పంచుకుంటున్నారు. వంతు ఉన్నవాళ్లే ఆరోజు అక్కడ వల కడతారు. లేనివాడు ఇంట్లో పొయ్యి వెలగకపోయినా ఆ నీళ్లలో పడవ పెట్టడు. ఒడ్డు నుంచి చూసేవాడికి ఆ నీళ్లు ఖాళీగా కనిపించేది అందుకే. మా ఇంజనీరు అడిగినప్పుడు పెద్ద గుండెమీద చెయ్యేసి “ఇది మా పాడు సార్, ఇదంతా పాడే” అన్నాడట. తమ దగ్గరున్న అతి పెద్ద మాట అదే, అది చెప్పాక ఇంకెవరూ జోలికి రారని వాళ్ల నమ్మకం. మా కుర్రాడు బుద్ధిగా, వాళ్లు చెప్పిన మాట చెప్పినట్టే రాసుకొచ్చాడు.

నివేదికలో ఏం రాసుందో చెప్పాను. పెద్ద భార్య గట్టిగా అడిగింది, “అంటే మా నోటితోనే మా పాడు ఇడిచిపెట్టినట్టా?” కాదని చెప్పడానికి నా దగ్గర అప్పటికి ఇంకా ఫొటో లేదు.

ఒడ్డునున్న తుఫాను షెల్టరు మేడ మీద స్టాండు వేశాను. గాలికి కదలకుండా దాని నడుముకు ఇసుక సంచి వేలాడదీశాను. ఎండ ఎక్కితే నీళ్ల మీద గాలి మరుగుతుంది, అప్పుడు ఎంత గొప్ప టెలి అయినా చెరువులో పడ్డ నీడలా వణుకుతుంది. అందుకే పొద్దున్నే. చెయ్యి తగలకుండా రిమోటుతో నొక్కాను. పెద్దది చేసి చూస్తే చుక్కలన్నీ విప్పుకున్నాయి. వరసగా గుంజలు, వాటి మధ్య వల, నడుము లోతు నీళ్లలో వంగి వల ఎత్తుతున్న మనుషులు. ఒకాయన తలకు కట్టిన తువ్వాలు చారలు కూడా లెక్కపెట్టొచ్చు. ప్రభువా, నేను తుడిచి ఉంటే అనుకున్నాను. నాకు ఏడుపొచ్చింది, ఏడ్చాను కూడా.

వేట ముగించుకుని వాళ్లు ఒడ్డుకు వస్తూ, మెత్తబడిపోయిందని ఒక గుంజను పీకి తెచ్చారు. ఊగే పడవలో మ్యాక్రో తీయడం ఎలాగూ కుదరని పని. గుంజను షెల్టరు అరుగు మీద పడుకోబెట్టి తీశాను. నీళ్లలో మునిగిన భాగమంతా గుల్లలు, ఒకదాని మీద ఒకటి, ఏళ్ల తరబడి పేరుకున్నవి. వాటి పైన కొత్త నైలాను తాడు ముడి. ఆ ముడిలో ఒక రొయ్య మీసం ఇరుక్కుని ఉంది, ఇంకా తడిగా.

మర్నాడు ఆ ఫొటోలు మేనేజరు గారి బల్ల మీద పెట్టి సంగతంతా చెప్పాను. ఆయన ఒక్కొక్కటే తీసి చూశారు. ఇంజనీరు మొహం పాలిపోయింది. “నేను తప్పు రాశాను సార్, మార్చేస్తాను” అన్నాడు వెంటనే. అందుకే ఆ కుర్రాడంటే నాకు ఇప్పటికీ గౌరవం.

మేనేజరు గారు తల అడ్డంగా ఊపారు. “నివేదిక వెళ్లిపోయింది. సభ రేపే. ఇప్పుడు మారిస్తే మన ఆఫీసు పరువేం కాను? అయినా ఇది టెలి లెన్సు మాయ. ఎక్కడో ఉన్నవాళ్లను దగ్గరకు లాక్కొచ్చి చూపిస్తే ఎలా?”

“వైడు లెన్సు దగ్గరోళ్లను దూరం తోసింది గదా సార్, అది మాయ గాదా?”

“చుక్కలు తుడిచి బోర్డు పంపించు. ఇది నా ఆర్డరు.”

“తుడవను.”

“ఉద్యోగం కావాలా వద్దా?”

“కావాలి సార్. కానీ తుడవను.”

ఆయన తుడిపించుకున్నారు. ప్రింటింగ్ షాపువాడితో.

సభ కుప్పం దగ్గరి బడి ఆవరణలో. షామియానా, కుర్చీలు, మైకు, పక్కన మా బోర్డు. అద్దంలాంటి నీళ్లు, ఎక్కడా మచ్చ లేదు. పెద్ద అధికారి ఒకాయన అధ్యక్షుడు. కంపెనీ తరఫు మనిషి నివేదికలో మాట చదివి వినిపించాడు. అధికారి కుప్పం పెద్దను లేపి అడిగారు, “ఏమయ్యా, ఇది పాడేనా?”

ఉత్త పాడని ఊరుకోవద్దని నేను ముందే చెప్పినా, అంతమంది ముందు మైకు చూసేసరికి పెద్దకు తడబాటు వచ్చింది. తనకు తెలిసిన ఆ పెద్ద మాటే నోటికొచ్చింది. “అవును సార్. అది మా పాడే” అన్నాడు.

“చూశారా సార్, వాళ్లే ఒప్పుకుంటున్నారు” అన్నాడు కంపెనీ మనిషి, మొహం చాటంత చేసుకుని.

అంతే, పెద్ద భార్య కుర్చీ నెట్టుకుని లేచింది. “పాడంటే మా వంతయ్యా! మా కూడు! ఆ పాడు పోతే మేం పాడైపోతాం, ఆ మాట రాసుకో!”

షామియానా అంతా గోలగోలగా అయింది. నేను లేచాను. వెనకనుంచి మేనేజరు గారు “కూర్చోమ్మా, కూర్చో” అంటూనే ఉన్నారు. నేను కూర్చోలేదు. పాడంటే ఏమిటో అధికారికి చెప్పి, ఇంజనీరు తెచ్చిన ఫొటోను తుడవకముందు ఎలా ఉందో అలా ప్రింటు తీసి తెచ్చినది బోర్డు పక్కన పట్టుకున్నాను. తర్వాత టెలిది, దాని తర్వాత మ్యాక్రోది. అధికారి కళ్లద్దాలు పైకి తోసి, మ్యాక్రో ప్రింటును మొహానికి దగ్గరగా తెచ్చుకున్నారు.

“ఇదేంటి, వెంట్రుకా?”

“రొయ్య మీసం సార్. మొన్నటిది. కింద గుల్లలు చూడండి, అవి ఏళ్ల నాటివి.”

“సార్, టెలిఫొటోతో దూరాన్ని దగ్గర చేసి చూపించారు” అని మా మేనేజరు గారు లేచారు. “ఏ ఫొటో నమ్మాలి?” అన్నారు అధికారి నా వైపు తిరిగి.

“మూడూ అవే నీళ్లు సార్. మా ఇంజనీరు ఫొటోలో మనుషులు దూరంగా ఉన్నారు. నా ఫొటోలో దగ్గరగా ఉన్నారు. ఆ బోర్డులో మాత్రం అసలు లేరు.”

అధికారి బోర్డు దగ్గరికి నడిచి వెళ్లి, నా ప్రింటును పక్కన పెట్టి, చుక్కలు ఉండాల్సిన చోట వేలితో రుద్ది చూశారు. వచ్చి కూర్చుని, ‘పాడు’ అన్న మాటకు అర్థం రికార్డులో రాయించారు. నివేదిక వెనక్కి పంపారు. ఆ కంపెనీ మళ్లీ ఆ నీళ్ల జోలికి రాలేదు.

నేను రిటైరయ్యానంటారు అందరూ. నేను రిటైరవ్వలేదు, నన్ను రిటైరు చేశారు. ఆ నెలలోనే “మీ సేవలు ఇక చాలు” అన్నారు. కెమెరా వాళ్లదే కాబట్టి బల్ల మీద పెట్టి, దుమ్ము పడకుండా మూత బిగించి మరీ ఇచ్చాను. ఎవరైనా మీ చేతిలో నుంచి కెమెరా తీసుకోవచ్చు, ఫర్వాలేదు, ఇచ్చేయండి. ఆ రెండు లెన్సులు మాత్రం స్టూడియో అన్న దగ్గర మెల్లగా నేనే కొనుక్కున్నాను. ఏ కెమెరాకు పెట్టుకుంటావు మే అని నవ్వుతాడాయన. నా ఇష్టం.

ఇంజనీరు తెచ్చిన ఆ వైడు ఫొటో, చుక్కలతో ఉన్నది, మా ఇంట్లో హాల్లో గోడకు ఉంది. మొన్న ఒక కుర్రాడు లెన్సుల సంగతి అడగడానికి ఇంటికే వచ్చాడు. నేను టీ తెచ్చేలోపల దాన్ని పరీక్షగా చూసి, “అక్కా, అద్దం మీద దుమ్ముంది” అని జేబురుమాలు తీసి తుడవబోయాడు.

“తుడవబాక అబ్బయ్యా” అన్నాను. “వాళ్లు పనిలో ఉండారు.”